పదో తరగతి పాప గదిలోంచి బయటికి రావడం లేదంటే

ప్రశ్న: మాది కావలి. పాపకి 15 ఏళ్ళు, పదో తరగతి. ఏడో తరగతి దాకా వీధిలో సైకిలు తొక్కుతా, స్కూల్లో ఖోఖో ఆడతా తిరిగిన పిల్ల. ఇప్పుడు బడి, ట్యూషను, ఇంటికొస్తే మంచం, ఫోను. పలకరిస్తే కసురుతుంది. లేదంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఎందుకంటే "ఏం లేదు, చిరాగ్గా ఉంది" అంటుంది. వాళ్ళ నాన్న పొగరంటారు. మా అత్తగారు ఈ వయసులో అంతేలే అంటారు. రోజంతా అట్లా కూర్చునే ఉండటం వల్ల మనసు పాడవుతుందా? ఫోను లాగేసుకోమంటారా? జిమ్ములో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, నేను డాక్టర్ని కాను. నెల్లూరు జిల్లా హైస్కూళ్ళలో 29 ఏళ్ళు పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. పొదలకూరు వైపు కొన్నాళ్ళు, ఆత్మకూరు వైపు కొన్నాళ్ళు, చివరికి నెల్లూరు దగ్గర. ఈ వయసు పిలకాయల్ని పుస్తకం ముందు కాకుండా, గ్రౌండులో, చెప్పులు విడిచి నిలబడ్డప్పుడు చూసినదాన్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు మీ ప్రశ్నకి జవాబు. అవును, రోజంతా కూర్చుని ఉండటం మనసు మీద పనిచేస్తుంది. పొగరు అనే మాట మాత్రం ఇంట్లో ఇంకెవరూ అనకుండా చూడండి. ఫోను ఇప్పుడే లాగొద్దు. జిమ్ము అక్కర్లేదు. వీటన్నిటికంటే ముందు ఒక రక్తపరీక్ష చేయించాలి. అదెందుకో తర్వాత చెబుతాను.

మొదట పాప రోజుని కాగితం మీద రాయండి. నిన్న ఏం జరిగిందో గంటల వారీగా, అంతే. నేను చాలామంది తల్లులతో ఇది రాయించాను. పదో తరగతి పిల్లల రోజు దాదాపు ఒకేలా ఉంటుంది. నిద్ర లేచి ఆటో ఎక్కుతారు. బడిలో ఎనిమిది గంటలు బెంచీ మీద. సాయంత్రం మళ్ళీ ఆటో, ట్యూషన్లో రెండు గంటలో రెండున్నరో కింద చాప మీద. ఇంటికొచ్చి కంచం ముందు, ఆ తర్వాత హోంవర్కు, ఆ తర్వాత ఫోను. కూడితే 12, 13 గంటలు కూర్చునే ఉంటుంది. అందులో ఫోను రెండు గంటలు, పోనీ మూడు. మిగతా పది గంటలు మనం కూర్చోబెట్టినవి. ఈ లెక్క చూశాక చాలామంది తల్లులు గమ్మున ఉండిపోతారు. పిల్ల కదలడం లేదని మనం బాధపడతాం. కదలడానికి ఆ రోజులో సందు ఎక్కడుందో ఎవరం వెతకం.

మీ ఇంటి గొడవ ఒక్కటే కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 146 దేశాల్లో 16 లక్షల మంది విద్యార్థుల లెక్కలు తీసి 2019లో బయటపెట్టారు. 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి రోజూ ఉండాల్సినంత కదలిక లేదు. మగపిల్లల్లో 78 శాతం, ఆడపిల్లల్లో 85 శాతం. ఆ ఏడు శాతం తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో నా కళ్ళతో చూశాను. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

మనసుకీ కూర్చోవడానికీ సంబంధం ఏమిటన్నదాని మీద నాకు బాగా గుర్తుండిపోయిన పరిశోధన ఒకటుంది. 2020లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంగ్లండులో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991, 92 ప్రాంతంలో పుట్టిన పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనిస్తున్నారు. వాళ్ళలో 4,257 మందికి 12, 14, 16 ఏళ్ళప్పుడు కదలికను కొలిచే చిన్న పరికరం ఇచ్చి పెట్టుకోమన్నారు. 18 ఏళ్ళొచ్చాక దిగులు ఎంతుందో ప్రశ్నలడిగి మార్కులు వేశారు. 12 నుంచి 16 ఏళ్ళకి వచ్చేసరికి వాళ్ళు కూర్చునే సమయం రోజుకి సగటున 7 గంటల 10 నిమిషాల నుంచి 8 గంటల 43 నిమిషాలకి పెరిగింది. రోజుకి ఒక గంట ఎక్కువ కూర్చున్నవాళ్ళలో దిగులు మార్కు 8 నుంచి 11 శాతం దాకా ఎక్కువగా తేలింది. ఒక గంట ఎక్కువ కదిలినవాళ్ళలో దాదాపు అంతే తక్కువ.

ఇక్కడ కదలడం అంటే పరుగు పందేలు కాదమ్మా. నిదానంగా నడవడం, ఇంట్లో పని చేసుకోవడం, లేచి అటూ ఇటూ తిరగడం. తేలికపాటి కదలికే ఆ తేడా చూపించింది. నేను ఇన్నేళ్ళూ ఆట ఆడించడమే నా పని అనుకున్నాను. ఆట రాని పిల్లని, ఆడనని మొండికేసే పిల్లని వదిలేసేదాన్ని. ఆ పిల్లకి నీళ్ళ బిందె తెమ్మని చెప్పినా, గ్రౌండు చుట్టూ నాతోబాటు నడవమన్నా సరిపోయేదని ఆలస్యంగా తెలిసింది. జిమ్ము అక్కర్లేదని అందుకే అన్నాను. 15 ఏళ్ళ పిల్లని అద్దాల గదిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య నిలబెడితే, ఉన్న సిగ్గు ఇంకా పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. కూర్చోవడం వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల కూర్చుండిపోయిందా అన్నది ఒక్కో పిల్లలో ఒక్కో రకం. చాలామందిలో రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మనసు బాగాలేని పిల్లకి లేచి స్నానానికి పోవడమే కొండెక్కినట్టు ఉంటుంది. ఆ పిల్లని "లే, నడువు, అంతా సర్దుకుంటుంది" అంటే అది మందు కాదు, నింద. మీ పాప ఏ రకమో నాకు ఇక్కణ్ణుంచి తెలీదు. మీరు దగ్గర కూర్చుని చూడాలి.

కదలకపోతే లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమైనంత చెబుతాను. ఈ వయసులో మెదడులో కోపం, భయం, ఏడుపు పుట్టే భాగాలు ముందుగా ఎదుగుతాయి. వాటికి కళ్ళెం వేసే ముందు భాగం పాతికేళ్ళు వచ్చేదాకా ఎదుగుతానే ఉంటుంది. అంటే గుర్రం పెద్దది, కళ్ళెం ఇంకా అల్లుతున్నారు. రోజంతా బడిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. పరీక్షలో మార్కు తగ్గుతుంది, స్నేహితురాలు మాట్లాడదు. అప్పుడు ఒంట్లో పుట్టే ఉద్వేగం కాళ్ళూ చేతులూ ఆడించడానికి తయారైన ఉద్వేగం. గుండె కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. పూర్వం పిల్లలు ఇంటికొచ్చి సంచి విసిరేసి వీధిలోకి పోయేవాళ్ళు. తొక్కుడుబిళ్ళ, ఏడుపెంకులాట ఆడి చెమట పట్టి, ఎవరితోనో కొట్లాడి మళ్ళీ కలిసి, దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేవాళ్ళు. ఆ బిగుసుకున్నదంతా అక్కడే వదిలిపోయేది. మీ పాపకి అది వదిలే చోటు లేదు. ట్యూషన్ చాప మీద కూడా అట్లాగే బిగదీసుకుని కూర్చుని, ఇంటికొచ్చి మీరు "అన్నం తింటావా" అని అడిగినప్పుడు కసురుతుంది. ఆ కసురు మీ మీద కాదు.

నిద్ర ఇంకొకటి. ఒళ్ళు అలిసిన నిద్ర వేరు, తల మాత్రమే అలిసిన నిద్ర వేరు. ఈ వయసులో నిద్ర రప్పించే హార్మోను పెద్దవాళ్ళకంటే గంటో రెండు గంటలో ఆలస్యంగా పుడుతుంది. కాబట్టి పదకొండైనా నిద్ర రావడం లేదని పాప అంటే అది అబద్ధం కాదు. దానికి తోడు పొద్దుటి ఎండ కళ్ళ మీద పడకపోతే ఆ గడియారం ఇంకా వెనక్కి జరుగుతుంది. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆరు గంటలు నిద్రపోయి, పొద్దున్నే ఆటోలో కూర్చుని, ట్యూబులైటు కింద పగలంతా గడిపే పిల్ల చిరాగ్గా లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మూడోది తోడు. ఆట మానేసిన పిల్ల ఆటొక్కటే మానదు. ఆటలో నవ్వడం, చెయ్యి పట్టుకుని లాగడం, "నువ్వు ఔట్" అని అరవడం, గెలిస్తే కౌగిలించుకోవడం, ఇవన్నీ ఒకేసారి పోతాయి. వాట్సాప్ గ్రూపులో 40 మంది ఉన్నా వీపు తట్టే చెయ్యి ఒక్కటీ ఉండదు.

ఇది నాకు బాగా అర్థమైంది కరోనా తర్వాత. 2020 మార్చిలో బడులు మూసి, నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకి మళ్ళీ తెరిచారు. మొదటి వారం పిల్లల్ని చూసి నాకు దిగులేసింది. బరువు పెరగడం, ఆయాసపడటం ఊహించిందే. ఊహించనిది వాళ్ళ మౌనం. అంతకుముందు విజిల్ వేస్తే మీద పడేవాళ్ళు, ఇప్పుడు దూరం దూరంగా నిలబడి నేల చూస్తున్నారు. అరవమన్నా అరవలేదు. ఆటలు పెట్టొద్దని నిబంధన ఉంది కాబట్టి రోజూ ఒక పీరియడు గ్రౌండు చుట్టూ విడివిడిగా నడిపించాను. సంక్రాంతి సెలవులకి పోయేలోపు వాళ్ళ గొంతులు మళ్ళీ లేచాయి. నడక ఒక్కటే చేసిందని నేను చెప్పను. బడి తెరవడం, తోటివాళ్ళ మొహాలు కనపడటం కూడా దాంట్లో ఉన్నాయి. అయితే మధ్యలో తుఫాను వానలకి గ్రౌండు బురదై నాలుగైదు రోజులు నడక ఆగినప్పుడు, తరగతిలో గొడవలు ఎక్కువవుతున్నాయని లెక్కల మేడమే వచ్చి నాతో చెప్పింది.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. మీరు ఒక మాట రాశారు, "ఏడో తరగతి దాకా" అని. ఆ మాట నేను 29 ఏళ్ళు విన్నాను. ఏడో తరగతి దాకా ఆడింది మేడం. ఎనిమిది నుంచి మానేసింది. మధ్యలో ఏం జరిగిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పాప పెద్దమనిషి అయింది. ఓణీలు ఇచ్చారు, ఫొటోలు తీశారు, బంధువులు అన్నాలు తిన్నారు. ఆ మర్నాటి నుంచి సైకిలు వరండాలో ఉండిపోయింది. ఎవరూ "ఆడొద్దు" అని గట్టిగా చెప్పరు. "ఇంకా చిన్నపిల్లవా", "ఎండలో నల్లబడతావు", "మగపిలకాయలు చూస్తున్నారు" అంటారు. పిల్లకి అర్థమైపోతుంది. నిన్నటిదాకా తన ఒళ్ళు తనకి పరుగెత్తే బండి. ఈరోజు నుంచి దాచుకోవాల్సిన వస్తువు. ఇంత పెద్ద మార్పు మనసు మీద పడకుండా ఎట్లా ఉంటుంది?

దానికి తోడు బడిలో ఇబ్బందులు. పాయిఖానాలో నీళ్ళు ఉండవు, ప్యాడ్ మార్చుకునే చోటు ఉండదు. మరక పడుతుందేమోనన్న భయంతో నెలలో ఐదారు రోజులు బెంచీ మీంచి లేవరు. ఆ అలవాటు మిగతా రోజులకీ పాకుతుంది. పీఈటీ మగవాడైతే చెప్పుకోలేరు. నొప్పి ఉన్నప్పుడు కూడా మెల్లగా నడిస్తే చాలామందికి సులువవుతుందని ఎవరూ చెప్పరు. పడుకో, కదలొద్దు అంటారు.

పొదలకూరు వైపు పనిచేసేటప్పుడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆటల పీరియడులో తరగతి గదిలోనే కూర్చునేది. అడిగితే కడుపునొప్పి అనేది. నెలంతా కడుపునొప్పే. తోటిపిల్లలు పిలవడం మానేశారు. ఒకరోజు "నువ్వు ఆడొద్దులే, నాకు కోర్టు గియ్యడానికి సున్నం పట్టుకో" అన్నాను. వచ్చింది. ఖోఖో కోర్టు గీతలు గియ్యాలంటే 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, చాలాసార్లు అటూ ఇటూ నడవాలి. తాడు పట్టుకుని, వంగి, లేచి, సున్నం చల్లుకుంటా పోవాలి. తర్వాత స్కోరు రాయమన్నాను. రెండు నెలలు ఆ పిల్ల ఆడలేదు. గీతలు గీసింది, స్కోరు రాసింది, ఔటైన వాళ్ళతో గొడవపడింది. మూడో నెలలో ఒకరోజు ఒక పిల్ల తగ్గితే చున్నీ నడుముకి కట్టుకుని తనే వచ్చి చతికిలబడింది. వాళ్ళమ్మతో మాట్లాడితే తెలిసింది, అసలు కారణం పొలం దగ్గర ఎవరో అన్న ఒక చెడ్డ మాట. అప్పటి నుంచి ఆ పిల్ల ఒళ్ళు ముడుచుకునే తిరిగింది. మీ పాప విషయంలోనూ ఆ కోణం ఒకసారి మెల్లగా కనుక్కోండి. దారిలో గానీ, ఆటోలో గానీ, ట్యూషన్లో గానీ, ఫోనులో గానీ ఎవరైనా ఏమైనా అన్నారా, చేశారా అని. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, గిన్నెలు సర్దుతున్నప్పుడు చెబుతారు. మొహాలు చూసుకోకుండా మాట్లాడటం ఈ వయసుకి తేలిక.

రక్తపరీక్ష గురించి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. వందలో దాదాపు అరవై మంది. రక్తం తక్కువైన పిల్లకి మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి, చదివింది బుర్రకెక్కదు, ప్రతిదానికీ విసుగు. బయటికి చూస్తే అది బద్ధకంలాగే కనపడుతుంది. నేను కూడా అట్లాంటి పిల్లల్ని బద్ధకస్తులనే అనుకున్నాను చాలా ఏళ్ళు. హిమోగ్లోబిన్ పరీక్షకి అయ్యే ఖర్చు చాలా తక్కువ, సర్కారు ఆసుపత్రిలో ఊరికే చేస్తారు. ఆడపిల్లకి 12 కంటే తగ్గితే రక్తహీనతే. డాక్టరు చెబితే థైరాయిడ్ కూడా చూపించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతుందో, కిటికీలోంచి పారేస్తుందో అడగండి. వికారం వస్తుందని చాలామంది పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. మాత్ర మింగిన వెంటనే టీ, కాఫీ తాగనివ్వకండి. రక్తం లేని పిల్లని నడవమని తరిమితే మనం తప్పు చేసినట్టు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి, మీకు పనికొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆలస్యంగా వచ్చినవాళ్ళకి, హోంవర్కు చెయ్యనివాళ్ళకి గ్రౌండు చుట్టూ రౌండ్లు శిక్షగా వేసేదాన్ని. మిగతా టీచర్లు కూడా పిల్లల్ని నా దగ్గరికి పంపేవాళ్ళు, "వీడికి పది రౌండ్లు" అని. ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి, కొంచెం ఒళ్ళున్నవాడు. వాణ్ణి పరుగెత్తిస్తే అందరూ నవ్వేవాళ్ళు. నేను ఆ నవ్వుని ఆపలేదు. వాడు తర్వాత రెండేళ్ళలో ఒక్కసారి కూడా గ్రౌండులోకి తనంతట తాను రాలేదు. చాలా ఏళ్ళకి నెల్లూరు బస్టాండులో కనపడి నమస్కారం పెట్టాడు. మాటల్లో "ఇప్పటికీ పరిగెత్తాలంటే కడుపులో తిప్పుతుంది మేడం" అన్నాడు. ఆ మాట తర్వాత నేను ఏ పిల్లకీ, పిల్లాడికీ కదలికని శిక్షగా వెయ్యలేదు. మీరూ వెయ్యొద్దు. "ఫోను కావాలంటే పది రౌండ్లు నడువు" అనొద్దు. "లావైపోతున్నావు, నడువు" అని అసలే అనొద్దు. ఆడపిల్లతో ఒళ్ళు గురించి ఒక్క మాట అన్నా, ఆ పూట అన్నం మానేస్తుంది. నడక మాత్రం మొదలుపెట్టదు.

మరి ఎట్లా మొదలుపెట్టాలి? 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు గుండె కొంచెం వేగంగా కొట్టుకునేట్టు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో మూడు రోజులైనా బాగా చెమట పట్టేట్టు ఉండాలంది. అది చేరాల్సిన చోటు. మీరు బయల్దేరే చోటు పది నిమిషాలు. కావాలంటే ఐదు.

ట్యూషను ఎంత దూరం? కిలోమీటరు లోపైతే ఆటో మాన్పించి స్నేహితురాలితో నడిచి పోనివ్వండి. ఇద్దరు పిల్లలు కబుర్లు చెప్పుకుంటా నడిచే ఆ పావుగంట, ఒంటరిగా ట్రెడ్‌మిల్ మీద గంటకంటే మనసుకి మేలు. వచ్చేటప్పుడు చీకటి పడుతుందంటే మీరు ఎదురెళ్ళండి, మీకూ నడకవుతుంది. వరండాలో ఉన్న సైకిలుకి గాలి కొట్టించండి, చెయినుకి నూనె పెట్టించండి. "తొక్కు" అని చెప్పొద్దు. "అంగడికెళ్ళి కొత్తిమీర తెస్తావా" అని మాత్రం అడగండి. పదో తరగతి పిల్లకి ఇంట్లో పని చెప్పకూడదని మనం ఒక నియమం పెట్టుకున్నాం. అది మంచికి పెట్టుకున్నామనుకుంటాం గానీ దానివల్ల పిల్ల రోజులో ఉన్న కాస్త కదలికా పోయింది. మేడ మీద బట్టలు ఆరెయ్యడం, మొక్కలకి నీళ్ళు పొయ్యడం, పొద్దున్నే వాకిట్లో ముగ్గెయ్యడం, వీటిల్లో ఏదో ఒకటి పాపకే అప్పగించండి. ముగ్గంటే వంగి లేవడం, పొద్దుటి వెలుతురు, చేత్తో ఒకటి అందంగా తయారవడం, మూడూ ఒకేసారి దొరుకుతాయి. సెల్లులో ముగ్గుల వీడియో చూసి వేసినా సరే, వెయ్యనివ్వండి.

కావలిలో జవహర్ భారతి కాలేజీ గ్రౌండు ఉంది, పొద్దున్నే నడిచే ఆడవాళ్ళు ఉంటారు. ఆదివారం పొద్దున మీరు పోతూ "తోడు రా" అని పిలవండి. రాకపోతే పోనివ్వండి, వచ్చే ఆదివారం మళ్ళీ పిలవండి. నెలకొకసారి తుమ్మలపెంట సముద్రం దగ్గరికి తీసుకెళ్ళండి. ఇసుకలో నడిచేటప్పుడు ఎవరికీ వ్యాయామం చేస్తున్నామనిపించదు. ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు తర్వాత తప్ప బయటికి పంపొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు ముసురుకుంటాయి. ఆ రోజులకి ఒక తాడు కొని పెట్టండి. తాడాట వరండాలో చాలు. డ్యాన్సు ఇష్టమైతే గది తలుపేసుకుని పాటలు పెట్టుకుని ఎగరనివ్వండి, తలుపు తట్టకండి. చదివేటప్పుడు ప్రతి అరగంటకో, ముప్పావుగంటకో లేచి నీళ్ళు తాగి రావడం అలవాటు చెయ్యండి. నీళ్ళ సీసా పక్కన పెట్టకుండా వంటింట్లో పెడితే అదే లేస్తుంది.

ఫోను గురించి అడిగారు. ఇప్పుడు ఆ పిల్లకి తోటిపిల్లలతో మిగిలిన ఒకే ఒక్క కిటికీ అదే. దాన్ని మూసేసి బదులు ఏమీ ఇవ్వకపోతే ఒంటరితనం ఎక్కువవుతుంది, మీ మీద నమ్మకం పోతుంది. ముందు రోజులో ఇంకొన్ని కిటికీలు తెరవండి. ఒక్క నియమం మాత్రం ఇవాళే పెట్టుకోవచ్చు. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకచోట ఛార్జింగుకి. అందరివీ అంటే వాళ్ళ నాన్నది కూడా. పెద్దవాళ్ళ ఫోన్లు చేతుల్లో ఉంచుకుని పిల్లదొక్కటే తీసుకుంటే అది నియమం కాదు, జులుం. ఇంకో మాట, కూర్చోవడమంతా ఒకే రకం కాదు. బొమ్మ వేసుకుంటా, కుట్టుకుంటా, వీణ వాయిస్తా కూర్చున్న పిల్ల మొహం వేరు. బొటనవేలు కదిలిస్తా మూడు గంటలు తెర చూసిన పిల్ల మొహం వేరు. మీ పాప కూర్చుని చేసేవాటిలో లేచాక ప్రసన్నంగా ఉండేది ఏదో కనిపెట్టి దాన్ని ఆపకండి.

వాళ్ళ నాన్నకి పబ్లిక్ పరీక్షల భయం ఉంటుంది, కాదనను. నడకకి పోయిన అరగంట చదువులోంచి పోయినట్టు లెక్కేస్తారు. నేను చూసినంతలో ఖోఖో ఆడిన పిల్లలు పదో తరగతి తప్పిన దాఖలా తక్కువ. రాత్రి పదకొండింటికి పుస్తకం ముందు కునికే గంటకంటే, అరగంట తిరిగొచ్చి చదివే ముప్పావుగంట ఎక్కువ పనిచేస్తుంది. వీలైతే మీరిద్దరూ బడికెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి. టైంటేబుల్లో ఉన్న ఆటల పీరియడు పదో తరగతికి నిజంగా జరుగుతోందా అని. చాలా బళ్ళలో దసరా తర్వాత ఆ పీరియడు లెక్కలకో సైన్సుకో పోతుంది. మేం పీఈటీలం పోట్లాడినా ఎవరూ వినరు. తల్లిదండ్రులు అడిగితే వింటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండి తీరాలి. ఉన్నదాన్ని వాడమని అడగటంలో తప్పేముంది? వచ్చే ఏడు ఇంటరుకి కాలేజీ వెతికేటప్పుడు కూడా ర్యాంకుల బోర్డు చూసే ముందు గ్రౌండు ఎక్కడుందో, అందులోకి పిల్లల్ని ఎన్ని గంటలకి వదులుతారో అడగండి. మా తమ్ముడి కూతురు చదివిన హాస్టల్లో పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్సే. మేడ మీదికి పోయే తలుపుకి తాళం. ఆరు నెలలకి ఆ పిల్ల మాట్లాడటం తగ్గించేసింది. ఇంటికి తీసుకొచ్చి, రోజూ వచ్చిపొయ్యే కాలేజీలో చేర్పించాక మళ్ళీ మనిషిలో పడటానికి దాదాపు ఏడాది పట్టింది.

చివరిది, ముఖ్యమైనది. నేను చెప్పిన నడకలూ ముగ్గులూ సరిపోని పరిస్థితులు ఉంటాయి. దిగులు రెండు వారాలకి మించి దాదాపు రోజంతా ఉంటే, ఇష్టమైనవాటి మీద కూడా ఆశ పోతే, తిండీ నిద్రా బాగా తగ్గినా బాగా పెరిగినా, స్నానం, జడ వేసుకోవడం కూడా మానేస్తుంటే ఆగొద్దు. చేతుల మీద కోసుకున్న గీతలు కనపడినా, "నేనుండి ఏం లాభం", "చచ్చిపోతే బాగుండు" అని నవ్వుతా అన్నా కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అంతవరకూ పిల్లని ఒంటరిగా వదలొద్దు. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బస్సెక్కే లోపు మాట్లాడాలంటే, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416, రాత్రీ పగలూ ఎప్పుడైనా పలుకుతుంది, ఊరికే, తెలుగులోనే మాట్లాడతారు. పాప తనే మాట్లాడొచ్చు, మీరైనా మాట్లాడొచ్చు. పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారని ఎవరో అంటారని వెనకాడొద్దు. జ్వరం వస్తే తీసుకెళ్ళమా? సూటిగా "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా" అని అడిగితే ఆ ఆలోచన పెట్టినట్టవుతుందని భయపడతారు. అట్లా కాదు. అడిగినవాళ్ళున్నారని తెలిస్తే బిడ్డకి భారం దిగుతుంది.

ఈ వారం చెయ్యాల్సింది రెండే. రక్తపరీక్ష, సైకిలుకి గాలి. మిగతావి నెమ్మదిగా. హిమోగ్లోబిన్ ఎంతొచ్చిందో రాయండి. పాప అంగడికి సైకిలు మీద వెళ్ళిందో నడిచి వెళ్ళిందో, అసలు వెళ్ళలేదో అది కూడా రాయండి. వెళ్ళకపోయినా రాయండి, అప్పుడేం చెయ్యాలో చెబుతాను.